వెలుపలి గోడకు ఏది వేయాలి?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. కట్టిన యింటిని నిలుపుకోవడం గురించి మాత్రం వారు సామెత చెప్పినట్టు మాకు జ్ఞాపకం లేదు. చెప్పనవసరం లేకపోయింది కాబోలు. సంక్రాంతికి ముందు గోడలకు వెల్ల వేయడం వారికి పండుగనాటి తలంటు వంటిది. ఒకరు గుర్తు చేయనక్కరలేదు.

ఇప్పుడు బరంపురంలోనైతేనేమి, మదురలోనైతేనేమి, బళ్ళారిలోనైతేనేమి, షోలాపురంలోనైతేనేమి, మన తెలుగు కుటుంబాల పాత యిళ్ళున్న వీధిలో నిలబడి చూడండి. ఒక యింటికి నిగనిగలాడే ప్లాస్టిక్ రంగు. దాని పక్క యింటికి పదేళ్ళుగా ఏమీ లేదు. రెండింటి గోడలూ పెచ్చులూడుతూనే వుంటాయి. ఏమీ వేయని గోడ వూడడంలో వింత లేదు. ఖరీదయిన రంగు వేసిన గోడ కూడా ఎందుకు వూడుతున్నది? ఈ ప్రశ్న అడగకుండానే మనలో చాలామంది ఒకే గోడకు రెండుసార్లు, మూడుసార్లు డబ్బు పోస్తున్నారు.

మేము రంగుల వ్యాపారులము కాము, మేస్త్రీలము కాము. ఆఫీసులో కాగితాలు రాసుకునే గుమాస్తాలము. కాని నాలుగు తరాలుగా బరంపురంలో ఒకే యింట్లో వుంటున్నాము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిసా రాష్ట్రం ఏర్పడేదాకా మా వూరు మదరాసు రాజధానిలోనే వుండేది. మేము వూరు మారలేదు, వూరే రాష్ట్రం మారింది. గోడలు మాత్రం అప్పటివే. వాటికి వెల్ల వేస్తూ, వేయిస్తూ, వేసేవారిని చూస్తూ మేము నేర్చుకున్నది నలుగురికీ పనికి వస్తుందని రాస్తున్నాము. చెప్పదలచినది ఒకటే మాట. గోడ ఏ జాతిదో ముందు తెలుసుకోవాలి. దానికి తగినదే వేయాలి. రంగుల కార్డు చేతిలోకి తీసుకోవడం ఆ తరువాతి పని.

గీరి చూడండి

మన యిళ్ళ వెలుపలి గోడలు ముఖ్యంగా మూడు జాతులు. మొదటిది మట్టి గోడ. రెండవది సున్నపు గోడ, అంటే యిటుకలను సున్నం, ఇసుక కలిపిన అడుసుతోనో, సున్నం, సుర్కీ కలిపిన అడుసుతోనో పేర్చి, పైన సున్నపు పూత పూసినది. సుర్కీ అంటే యిటుకల పొడి. మూడవది సిమెంటు గోడ. పైన రంగు వుండడం వల్ల చూపుకు మూడూ ఒకటిగానే వుంటాయి.

వీధికి కనిపించని ఒక మూలను ఎంచుకుని, పాత మేకుతో అంగుళం మేర గీరండి. తెల్లగానో, సుర్కీ వుంటే లేత ఎరుపుగానో మెత్తని పొడి రాలితే అది సున్నపు గోడ. బూడిద రంగులో గట్టిగా వుండి మేకు జారిపోతే సిమెంటు గోడ. ఒక్కచోట గీరి వూరుకోకూడదు. వీధిగోడ సున్నంది కావచ్చు, పెరటివైపు వంటింటి గోడ తరువాత కట్టిన సిమెంటుది కావచ్చు. పాత సున్నపు గోడకే కింద రెండు మూడు అడుగులు ఎవరో సిమెంటు పూసి వుండవచ్చు. మూడు నాలుగు చోట్ల గీరి చూస్తే ఆ యింటి చరిత్ర కొంత బయటపడుతుంది.

ఈ భేదం ఎందుకంటే, సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, తిరిగి వదిలేస్తుంది. వానాకాలంలో నేలలోంచి కొంత తడి పైకి ఎక్కుతుంది, జల్లు వల్ల కొంత లోపలికి పోతుంది. వానలు వెనక్కు తగ్గి యెండ కాయగానే ఆ తడి ఆవిరయి బయటకు వచ్చేస్తుంది. చాలా పాత యిళ్ళకు పునాది మీద తడిని ఆపే అడ్డుపొర లేదు. ఇలా పీల్చి వదలడమే ఆ గోడల ఆయువు. సున్నపు వెల్ల యీ రాకపోకలకు అడ్డం రాదు. ప్లాస్టిక్ రంగు అడ్డం వస్తుంది. బయటి వానను లోపలికి రానీయకపోవడం దాని గుణం. ఆ గుణమే లోపలి తడిని బయటకు పోనీయదు. అప్పుడు తడి రంగు వెనుక చేరి బుడగలు పొంగుతాయి. తడితో పాటు పైకి వచ్చిన ఉప్పు అక్కడే పేరుకుని, పూతను లోపలినుంచే పొడి చేస్తుంది.

మా వీధిలో జరిగినదే చెబుతాము. ఒక యింట ఆడపిల్ల పెళ్ళి. తండ్రి అప్పుడే వుద్యోగంనుంచి విశ్రాంతి తీసుకున్నారు. చేతికి వచ్చిన ఫండు సొమ్ములో కొంత వీధిగోడకు కేటాయించారు. రంగుల దుకాణంవారు వచ్చి చూసి, లప్పం పెట్టి, ప్రైమర్ వేసి, మంచి రంగు రెండు పూతలు వేస్తే ఏడేళ్ళు తిరిగి చూడనక్కరలేదన్నారు. గోడ ఏ జాతిదని ఎవరూ అడగలేదు. పెళ్ళినాటికి యిల్లు మెరిసిపోయింది. రెండవ వానాకాలం వెళ్ళేసరికి కిటికీ కింద వేలితో కొడితే డొల్లగా మోగింది. మూడవ యేడు ఒకనాటి మధ్యాహ్నం రంగూ, లప్పమూ, వాటితో పాటు ముత్తాతలనాటి పూతా పెద్ద పలకగా వూడి అరుగు మీద పడింది. రోజూ ఆ వేళకు ఆ యింటి పెద్దామె అక్కడే కూర్చుని వత్తులు చేసుకుంటారు. ఆ రోజు మంచినీళ్ళకని లోపలికి లేచారు కాబట్టి సరిపోయింది. తరువాత వారు రంగంతా గీకించి, డొల్ల అయిన చోట్ల మళ్ళీ సున్నపు పూతే పూయించారు. దానికి అయిన ఖర్చు మొదటి ఖర్చుకంటె ఎక్కువ. "పైన పటారం, లోన లొటారం" అనే సామెత మనుషులకేకాదు, గోడలకు కూడా వర్తిస్తుంది.

ముందు నీటి దారి

ఏ జాతి గోడకైనా రంగుకంటె ముందు చూడవలసినది నీరు. వాన కురుస్తూ వుండగా గొడుగు వేసుకుని వీధిలో నిలబడి, యింటిని పది నిమిషాలు చూడండి. మేము ఏటా శ్రావణంలో యీ పని చేస్తాము. పిట్టగోడ మీద నీరు నిలుస్తున్నదా? తూము నీరు దూరంగా పడుతున్నదా, గోడ వెంట జారుతున్నదా? పెంకుటిల్లయితే చూరు నీరు గోడకు ఎంత దూరాన పడుతున్నది? సన్‌షేడు మీద చేరిన నీరు వెనక్కు గోడలోకి పోతున్నదా? మన పాత వీధుల్లో యిళ్ళు ఒకదానినొకటి ఆనుకుని వరుసగా వుంటాయి. పక్క గోడ వుమ్మడిది. పొరుగింటి తూము విరిగితే తడిసేది మన గోడ. అటువంటప్పుడు పొరుగువారితో నిదానంగా మాట్లాడి, ఖర్చు సగం సగం వేసుకుని బాగుచేయించుకోవడం మంచిది. తూమును అలాగే వుంచి రంగు మార్చడం చిల్లుకుండకు ముగ్గులు పెట్టినట్టు.

తరువాత బీటల సంగతి. పగుళ్ళలో రావిమొక్క మొలిచి వుంటే పైన కత్తిరిస్తే చాలదు. మళ్ళీ చిగురిస్తుంది. లేతగా వున్నప్పుడే వేరుతో సహా తీసి, ఆ సందును గోడ జాతి అడుసుతోనే పూడ్చాలి. సున్నపు గోడలోని బీటను గట్టి సిమెంటుతో పూడిస్తే, ఆ ముక్క ఒకవైపు, గోడ ఒకవైపు విడిపోతాయి. పాచి పట్టిన చోట కుంచెతో రుద్ది, బ్లీచింగ్ పొడి కలిపిన నీటితో కడిగి, మళ్ళీ మంచినీటితో కడిగి ఆరనివ్వాలి. తెల్లగా ఉప్పు పొంగిన చోట ముందు పొడిగానే కుంచెతో దులపాలి. నీళ్ళు పోస్తే ఆ ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది.

వేళ, కాలం

మా ప్రాంతంలో జూన్‌లో పట్టిన వాన సెప్టెంబరు దాకా వదలదు. దసరాకు యిల్లు తెల్లగా వుండాలని అందరికీ వుంటుంది. కాని తూర్పుతీరంలో అక్టోబరును నమ్మరాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మా వూరికి దగ్గరనే వున్న గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. దసరాకు వేసిన వెల్ల ఆరకముందే కడుక్కుపోయిన యేళ్ళు అవి. దీపావళి వెళ్ళాక, కార్తికం చివరనుంచి పుష్యం దాకా మా వైపు మంచి కాలం. తమిళనాడు తీరంలో వున్న మనవారికి అక్టోబరునుంచి డిసెంబరు దాకా యీశాన్యపు వానలు కాబట్టి, వారు పొంగలికి ముందు ఎండ తెరిపి చూసుకోవాలి. మండుటెండలు కాసే వైశాఖ జ్యేష్ఠాలు పనికిరావు. కాగిన గోడమీద సున్నం గట్టిపడకముందే ఎండిపోయి, చేతికి పొడిగా అంటుతుంది.

రోజులో కూడా నీడను వెంబడించి పనిచేయాలి. పడమటి గోడకు వుదయం, తూర్పు గోడకు మధ్యాహ్నం తరువాత. ఆఫీసులకు వెళ్ళేవారికి రెండు ఆదివారాలు చాలు. మొదటి ఆదివారం గీకుడు, కడుగుడు, బీటలు పూడ్చడం. రెండవ ఆదివారం వెల్ల.

సున్నం కలిపే విధం

సున్నపు రాయినిగాని, సముద్రతీరాన అయితే గుల్లలనుగాని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి కాల్చిన సున్నం మిగులుతుంది. నీటిలో వేస్తే అది కుతకుత ఉడికి, విరిసి, వెన్నవంటి తడి సున్నం అవుతుంది. గోడకు పూసిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మళ్ళీ పీల్చుకుని క్రమంగా రాయిగా మారుతుంది. అంటే వెల్ల వేయడమంటే గోడమీద పలచని రాతిపొర పరచడమే. అది గోడకు పరాయి వస్తువు కాదు కాబట్టి గోడ దానిని తోసివేయదు.

కాల్చిన సున్నం దొరికితే మంచిదే. ఈ రోజుల్లో సంచీలలో వచ్చే పొడి సున్నం సులువు. చాలాకాలం నిలవవుండి గాలి తగిలిన సంచీ కొనవద్దు. అది గోడమీదకు రాకముందే సంచీలో రాయి అయిపోయి వుంటుంది. కిలో సున్నానికి సుమారు 5 లీటర్ల నీరు లెక్క. యినుప డ్రమ్ములోనో, మట్టి తొట్టిలోనో నీరు ముందు పోసి, సున్నం కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీరు గుమ్మరిస్తే మీదికి చిందుతుంది. అల్యూమినియం గిన్నెలు వాడరాదు, సున్నం వాటిని తినివేస్తుంది. ఒక పగలూ రాత్రీ వుంచి, మరునాడు పలచని గుడ్డలో వడకట్టాలి. అంటుకునేందుకు కరగబెట్టిన జిగురుగాని, చిక్కని గంజిగాని, కొంచెం ఉప్పుగాని కలుపుతారు. తెలుపు తేరేందుకు బట్టలకు వేసే నీలిమందు, మూటగట్టి ముంచి, చిటికెడంత చాలు. ఎక్కువయితే గోడ ఆస్పత్రిగోడలా వుంటుంది.

సున్నం ఉడికేటప్పుడు పిల్లలను దగ్గరకు రానీయవద్దు. చేతులకు కొబ్బరినూనె రాసుకుని, కళ్ళకు అద్దాలు పెట్టుకుని పనిచేయాలి. కంట్లో సున్నం పడితే నలపకుండా, ధారగా మంచినీటితో చాలాసేపు కడిగి, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఆలస్యం చేస్తే చూపుకే మోసం.

వెల్ల వేసే ముందు గోడమీద నీళ్ళు చిలకరించి తడపాలి. మొదటి పూత పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. అది తడిగా వుండగానే కుంచెను అడ్డంగా నడపాలి. కొత్త పూతకు మూడుసార్లు, పాత వెల్లమీద ఒకటి రెండుసార్లు. ప్రతి పూతా పలచగా వుండాలి. తడిగా వున్నప్పుడు సున్నం నీళ్ళలాగా పారదర్శకంగా కనిపిస్తుంది. కొత్తవారు చూసి, పట్టలేదనుకుని చిక్కగా కలిపి మళ్ళీ వేస్తారు. చిక్కగా వేసినది పెచ్చుగా లేస్తుంది. సాయంత్రం దాకా ఓపిక పట్టండి. ఆరిన కొద్దీ తెలుపు పైకి వస్తుంది.

నేలనుంచి రెండడుగుల ఎత్తున జేగురు పట్టె తీర్చడం మన పాత ఆచారం. అది అందానికి మాత్రమే అనుకోవద్దు. వాననీరు నేలపై పడి చిందే ఎర్రమట్టి మరకలు ఆ పట్టెలో కలిసిపోతాయి. సున్నంలో అన్ని రంగులూ నిలవవు. దాని ఘాటుకు చాలా రంగులు వెలిసిపోతాయి. జేగురు, పసుపుపచ్చ మట్టిరంగు, దీపపు మసి వంటివి నిలుస్తాయి. తాతలు ఎరుపు, పసుపు, తెలుపులతోనే సరిపెట్టుకున్నారంటే రంగులు తెలియక కాదు. నిలిచేవి అవి.

తెలుపుకు మరో గుణం వున్నది. అది ఎండను తిప్పికొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం యింటి పైకప్పులను చల్లబరచడానికి ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూతలు అందులో ముఖ్యం. మిద్దెమీద సున్నం పూసిన మన పెద్దలు యీ వార్త వింటే ఆశ్చర్యపోరు.

సిమెంటు గోడలవారికి

సిమెంటు గోడకు రంగుడబ్బా తగినదే. సున్నం కూడా వేయవచ్చును, కాని నున్నని సిమెంటు మీద త్వరగా రాలుతుంది. పొడిగా వచ్చి నీటితో కలిపే సిమెంటు రంగు ఒక మార్గం. దానికి గోడను ముందు తడపాలి. కలిపినదానిని గట్టిపడకముందే వాడేయాలి. ఆరాక కొన్నాళ్ళు నీళ్ళు చల్లాలి. బయటి గోడలకోసం చేసిన ఎమల్షన్ రంగు రెండవ మార్గం. ఇంటిలోపలి రంగు మిగిలింది కదా అని బయట వేయకూడదు. కొత్తగా పూసిన సిమెంటు మీద ఏ రంగైనా కనీసం నెలరోజులు ఆగి వేయడం క్షేమం.

ఎంత కొనాలో దుకాణంవారిని అడగడంకంటె మనమే లెక్క వేసుకోవచ్చు. 30 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తు గల వీధిగోడ 330 చదరపు అడుగులు. వాకిలి 3 అడుగులకు 7 అడుగులు, అంటే 21. రెండు కిటికీలు ఒక్కొక్కటి 3 అడుగులకు 4 అడుగులు, కలిపి 24. మొత్తం 45 తీసివేస్తే 285 మిగులుతుంది. డబ్బా మీద లీటరు రంగు రెండు పూతలకు 55 చదరపు అడుగులు వస్తుందని రాసి వుంటే, 5 లీటర్ల పైచిలుకు చాలు. 10 లీటర్ల డబ్బా అంటగడితే వద్దనే ధైర్యం యీ లెక్కనుంచే వస్తుంది.

తలుపులకు, కిటికీ చువ్వలకు వున్న పాత నూనెరంగు విషయంలో మాత్రం జాగ్రత్త. ఇళ్ళరంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదనే నిబంధన 2016లో వచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా వుండవచ్చు. పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దితే ఆ దుమ్ము పిల్లల నోట్లోకి పోతుంది. ఎదిగే పిల్లల తెలివికి సీసం హాని చేస్తుంది. నీళ్ళతో తడిపి రుద్దాలి. రాలినదంతా కాగితంమీద ఎత్తి పారేయాలి. ఆ వేళకు పిల్లలను, గర్భిణీలను చుట్టాలింటికి పంపడం మంచిది. నిచ్చెన వేసేటప్పుడు కరెంటు తీగ ఎంత దూరాన వున్నదో కూడా చూసుకోవాలి.

వీధికి కనిపించే ముఖం

రంగుడబ్బాలు మన వీధుల్లోకి నిన్న మొన్న వచ్చినవి కావు. ఏషియన్ పెయింట్స్ కంపెనీ 1942లో పుట్టింది. ఆ కంపెనీ కోసం ఆర్. కె. లక్ష్మణ్ 1954లో గీసిన గట్టు, ఒక చేత డబ్బా, ఒక చేత కుంచె పట్టిన తుంటరి పిల్లవాడు, మన పెద్దల కాలంలో దుకాణాల గోడలనిండా వుండేవాడు. అయినా సున్నం మాట మన భాషల్లోంచి పోలేదు. మనం సున్నం అంటాము. తమిళులు సుణ్ణాంబు అంటారు, కన్నడిగులు సుణ్ణ, ఒడియావారు చూన, మరాఠీవారు చునా. అన్నీ సంస్కృతంలోని చూర్ణం అనే మాటకు పిల్లలే. ఎక్కడికి వెళ్ళి స్థిరపడినా మనవారికి దుకాణంలో యీ ఒక్క వస్తువు అడగడానికి దుబాసీ అక్కరలేకపోయింది.

ఒడియా యిళ్ళలో మార్గశిర గురువారాలనాడు లక్ష్మీపూజకు యిల్లు అలికి, బియ్యపుపిండితో ఝోటి వేస్తారు. వాకిట్లోనే కాక గోడలమీద కూడా వరికంకుల వంటి ముగ్గులు తీరుస్తారు. మనకు ఆ వెంటనే ధనుర్మాసపు ముగ్గులు. మా పొరుగున వుండే ఒడియా మావుసీ మార్గశిరం వస్తూనే, "మీ గోడ తెల్లబడ్డదా? మాది ఎర్రమట్టి అయింది" అని మా అమ్మగారిని పలకరిస్తుంది. మా యెగువనున్న కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడలమీద బియ్యపుపిండి తెలుపుతో దేవతల బొమ్మలు వేస్తారు. పెళ్ళి జరిగిన యింటి వీధిగోడ మీద కలశం, అరటిచెట్లు వేసి వధూవరుల పేర్లు రాయించడం మా వూళ్ళో రెండు భాషలవారికీ వున్న అలవాటు. కొందరు తెలుగులోనూ ఒడియాలోనూ రాయిస్తారు. ఆ పేర్లు మళ్ళీ వెల్ల పడేదాకా గోడమీద వుంటాయి.

ఇవన్నీ నిలవాలంటే గోడ నిలవాలి. మన పాత వీధుల్లో పిల్లలు వుద్యోగాలకు వెళ్ళి, తాళం పడిన యిళ్ళు ఏటికేడు పెరుగుతున్నాయి. రెండేళ్ళు వెల్ల పడకపోతే బీటలో రావిమొక్క కనిపిస్తుంది. అయిదేళ్ళకు అది చెట్టు. తరువాత ఆ యిల్లు అమ్మకానికి వస్తుంది. అన్నదమ్ముల వుమ్మడి యిల్లయితే, ఎవరి వాటా ఎంత అన్న తగవు తేలేలోపల గోడ కూలుతుంది. ఏడాదికి కొన్ని కిలోల సున్నం, రెండు ఆదివారాలు. వాటాలు తేలినా తేలకపోయినా యీ ఖర్చు వుమ్మడిగా పెట్టుకోవచ్చునని మేము మా పెదనాన్నగారి పిల్లలతో మాట్లాడుకున్నాము. ఇంతవరకు అలాగే జరుగుతున్నది.

పద్దు రాసి పెట్టండి

చివరిగా ఒక మాట. మా తాతగారు యింటి పద్దు పుస్తకంలో వెల్ల ఖర్చు ఏటేటా రాసి పెట్టారు. అణాలనాటి లెక్కలు ముందు, 1957లో నయా పైసలు వచ్చిన తరువాతివి వెనుక. ఖర్చు ఒక్కటే కాదు. ఏ గోడకు ఎన్ని పూతలు, పాత వెల్ల గీకించారా లేదా, పడమటి మూల తూము కింద తడి, తూము మార్పించినది, అన్నీ వున్నాయి. ఇప్పటికీ ఆ పడమటి మూల కొంచెం చెమ్మ కనిపిస్తే మేము ముందుగా తూమునే చూస్తాము. ఆ పుస్తకం మాకు మేస్త్రీతో సమానం.

మా పిల్లలు తెలుగు మాట్లాడతారు. ఒడియా, ఇంగ్లీషు బళ్ళలో చదివారు కాబట్టి తెలుగు రాత రాలేదు. పుస్తకం మేము చదువుతుంటే మా పెద్దవాడు పక్కన ఒడియాలో రాసుకుంటున్నాడు. చిన్నమ్మాయి మాత్రం పుట పుటా చూస్తూ ఒక మాట మీద వేలు పెట్టడం నేర్చింది. ప్రతి పుటలోనూ వచ్చే మాట అది. మా యింట్లో అది మొదట గుర్తుపట్టిన తెలుగు మాట "సున్నం".

మీరు కూడా రాసి పెట్టండి. ఏ యేడు, ఏ గోడ, ఆ గోడ ఏ జాతిది, ఏమి వేశారు, ఎన్ని పూతలు, ఎక్కడ తడి వున్నది, ఎంత అయింది. పిల్లలకు ఏ లిపి వస్తే ఆ లిపిలో రాయండి, పక్కనే తెలుగులో కూడా రాయండి. పుస్తకం తడి తగలని చోట వుంచండి.